నలభై మూడు చోట్ల

"మీరు నొక్కకండి. నేనే నొక్కాలి," అంది ఆవిడ, కీబోర్డును తనవైపు లాక్కుంటూ.

ఎలక్ట్రీషియన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పత్రికాఫీసులో పాత వార్తలు భద్రపరిచే గది అది; దాన్ని చూసుకునేది ఆవిడే. కోర్టు కాగితం బల్లమీద ఉంది. గోదాము తగలబడిన కేసులో ఇతను నిర్దోషి, కాబట్టి వెబ్‌సైట్‌లోని ఆ వార్తల్లో ఇతని పేరు తీసేసి 'ఒక ఎలక్ట్రీషియన్' అని పెట్టాలి. ఆ కాగితం కోసం తొమ్మిదేళ్ళు చెప్పులరిగేలా తిరిగాడు.

ఆవిడ నల్లటి తెరమీద ఒక్క వరుస టైపు చేసింది. ప్రోగ్రాం వేల ఫైళ్ళను జల్లెడ పట్టి మొదటి వాక్యం చూపించింది. పాత పేరు ఎర్రగా, కొత్త మాట పచ్చగా ఉన్నాయి. కింద ప్రశ్న: మార్చమంటారా?

"అన్నీ ఒక్క దెబ్బకు మార్చేయొచ్చుగా మేడమ్?"

"మార్చొచ్చు. కానీ మీ పేరే ఉన్న పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నారు. ఆయన కూడా ఎలక్ట్రీషియన్ అయిపోతారు."

అతనికి నవ్వొచ్చింది. ఈ ఆఫీసులో అడుగుపెట్టి నవ్వుతానని అనుకోలేదు.

ఆవిడ ఒక్కో వాక్యం చూసి అవునని నొక్కుతోంది. విచిత్రంగా, వాక్యం తెరమీదికి పూర్తిగా రాకముందే ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఏళ్ళ తరబడి ఇదే గదిలో ఉంటే అన్నీ నోటికొచ్చేస్తాయి కాబోలు అనుకున్నాడు.

రక్తదానం చేసినవాళ్ళ జాబితా వచ్చింది.

"ఇది మీరేనా?"

"నేనే. అదొక్కటీ ఉండనివ్వండి మేడమ్. మా అమ్మాయికి చూపిస్తాను."

ఆవిడ కాదని నొక్కింది.

కూతురి మాట వచ్చేసరికి అతను తెరమీంచి చూపు తిప్పుకున్నాడు. "బడిలో ఎవరో నా పేరు వెతికి దానికి చూపించారు. మొన్న ఫారంలో తండ్రి పేరు దగ్గర ఖాళీ వదిలేసింది. జైల్లో ఉన్నప్పుడు కూడా నేనంత ఏడవలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది.

"కోర్టు నన్ను వదిలేసిన వార్త కూడా ఇందులో వస్తుందా?"

"అది మేం వేయలేదండి."

ప్రతి వార్త చివరా విలేకరి పేరుకు బదులు అవే మూడు పొడి అక్షరాలు ఉన్నాయి. అతను వాటిని వేలితో చూపించాడు. "ఈయన ఒక్కసారి నా దగ్గరికొచ్చి అడిగుంటే ఎంత బావుండేది! ఇప్పుడెక్కడున్నాడో."

"రాయడం మానేసి చాలా కాలమైంది."

"పోనీలెండి. ఆ అక్షరాలు కూడా తీసేయండి. ఆయనకూ పిల్లలుంటారు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"వద్దు," అంది, కాస్త గట్టిగానే. "అవి ఉండాలి."

నలభై మూడోది మారాక ఆవిడ ధ్రువపత్రం అచ్చుతీసి, సంతకం చేసి, కవరులో పెట్టి అతికించింది. లేచి నిలబడి రెండు చేతులతో అందించింది. ఈ తొమ్మిదేళ్ళలో ఏ ఆఫీసులోనూ అతని కోసం ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

"ఇంటికెళ్ళి మీ అమ్మాయి ముందు తెరవండి," అంది.

అంత ఓపిక అతనికెక్కడిది? మెట్లమీదే కవరు చింపాడు. నలభై మూడు చోట్ల పేరు మార్చామనీ, జరిగినదానికి క్షమించమనీ రాసి ఉంది. రెండుసార్లు చదువుకుని, కళ్ళు తుడుచుకుని, కింద సంతకం వైపు చూశాడు.

అవే మూడు పొడి అక్షరాలు.