ఇంటికో ఉమాకాంతం

గుంటూరులో కాకులు కూడా ఉమాకాంతం గారి గొంతుతోనే అరుస్తాయని చెప్పుకునేవారు. ముప్పై ఏళ్లుగా రేడియోలో పేదల పక్షాన వాదించిన గొంతు అది. ఇప్పుడొచ్చిన రేడియోలు మాత్రం ఆయన ఏమన్నా సరే, ఏ ఇంటికి నచ్చేట్టు ఆ ఇంట్లో మార్చేసి, ఆయన గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఆయన మానేసినా ఆ గొంతు ఆగదట.

ఆ ఉదయం వీధులూడ్చే మరియమ్మ గుమ్మంలో నిలదీసింది.

"రేపు మున్సిపాలిటీ మీటింగులో మా సమ్మెవాళ్లందర్నీ పన్లోంచి తీసేస్తారంట. ఓ మాట చెప్పండయ్యా."

"రోజూ చెబుతూనే ఉన్నా కదమ్మా!"

"మా ఇళ్లల్లో చెబుతున్నారు. మా కష్టం మాకెందుకు చెప్పడం? ఆ కౌన్సిలరు గారింట్లో చెప్పండి."

ఉమాకాంతం గారికి తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకుని వెళ్లి ఎదురింటి తలుపు తట్టారు. కౌన్సిలరు కొండలరావు ఆయన్ని కావలించుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చాడు.

"కొండలరావు గారూ, ఆ సమ్మెవాళ్లని..."

"ఇవాళే ఇంటికి పంపాలి!" అంది బల్ల మీది రేడియోలోంచి ఆయన గొంతే, ఖంగున.

"అది నేను కాదండీ! నేననేది..."

కొండలరావు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఉష్, ఉండండి గురువుగారూ. మీరు మాట్లాడుతున్నారు."