పదిహేను పొగడ్తలు

"పొగడటం కూడా తప్పేనా మాస్టారూ?"

పెద్దకోడలు అడిగిన తీరుకి లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. రిటైరయ్యాక ఊరి వెబ్‌సైటు బాగోగులు ఆయనే చూస్తున్నారు. ఏ వీధిలో నీళ్ళు రావట్లేదో, ఏ డాక్టరు హస్తవాసి మంచిదో, ఏ కొట్లో పని శుభ్రంగా ఉంటుందో ఊళ్ళోవాళ్ళే అందులో రాసుకుంటారు.

"పొగిడితే తప్పు కాదమ్మా. ఒకే ఫోన్లోంచి, పదిహేను పేర్లతో, వారం రోజుల్లో పొగిడితే తప్పు. కొట్టువాళ్ళే రాసుకున్నారనుకుంటాం. మూణ్ణెల్లు ఎర్రగీత."

"నేను రాయలేదండీ."

"రాశారని నేనన్నానా? ఎవరి ఫోనో మాకు కనపడదు, ఒక్కటేనని మాత్రం తెలుస్తుంది. గీత ఎందుకు పడిందన్నది కూడా వచ్చి అడిగినవాళ్ళకే చెప్తాం."

ఆమె కుట్టుకొట్టు పేజీ మీద ఇప్పుడు ఆ ఎర్రగీత, దాని కింద ఒక్కటే ముక్క ఉంది: ఈ పేజీ పరిశీలనలో ఉంది. ఆసుపత్రి మేట్రన్ కంట్లో అదే పడింది. ఆరేళ్ళుగా నర్సుల యూనిఫారాలు కుట్టించుకుంటున్న మనిషి, "ముందు ఆ గీత సంగతి తేలనివ్వండి" అని ఫోను పెట్టేసింది. కొట్టు నడిచేదే ఆ యూనిఫారాల మీద.

పెద్దకోడలు తన పేజీలోని పదిహేను రివ్యూలూ ఇంకోసారి చదివింది. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయింది. 'చొక్కా చంకలో చచ్చినా చిరగదు, లోపల రెండో కుట్టు దాచి వేస్తారు.' దాచి వేసే కుట్టు గురించి తొడుక్కునేవాళ్ళకేం తెలుసు? ఆ కుట్టు ఆమె నేర్పింది ఒకే ఒక్క మనిషికి. సొంత తోడికోడలికి.

ఎనిమిది నెలల కిందటి దాకా ఇద్దరిదీ ఒకే బల్ల. హెడ్మిస్ట్రెస్ గారి కోటుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించిన రోజున చెడింది. గుర్తు తప్పు గీసింది నువ్వంటే, చూడకుండా కోసింది నువ్వనుకున్నారు. నెల తిరక్కుండా వీధికి అవతల చిన్నకోడలి బోర్డు లేచింది. అప్పట్నించీ మాటల్లేవు.

ఎంత తెలివి! తిడితే జనం అయ్యో పాపం అంటారని, పొగిడి ముంచింది. నవ్వుతూ గోతిలోకి తోసింది.

"యూనిఫారాలు చిన్నదానికి ఇస్తున్నారటే," అంది అత్తగారు అన్నం తింటూ. "పోన్లే, మనింట్లోనే ఉంటాయి."

పెద్దకోడలు కంచం ముందునుంచి లేచిపోయింది. గీత ఎందుకు పడిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అదే గీతతో కొట్టాలనుకున్నప్పుడు ముందే చాటింపు వేసుకుంటారా ఎవరైనా?

మొగుడి పాత ఫోను బీరువాలోంచి తీసింది. లెక్కకి లెక్క, సరిగ్గా పదిహేను పేర్లు. రోజుకి రెండో మూడో, పళ్ళు నూరుకుంటూ చిన్నకోడలిని ఆకాశానికెత్తింది. అబద్ధాలు రాస్తే ఎవరో ఒకరు పట్టేస్తారని నిజాలే ఏరి రాసింది. పసిపిల్లల గౌనుకి మెడలోపల మెత్తటి గుడ్డ వేస్తుంది, ఎవరూ అడక్కపోయినా. కాజాలు చేత్తోనే కుడుతుంది. ముసలివాళ్ళ కొలతలకి తనే వాళ్ళ ఇంటికి వెళ్తుంది. రాస్తున్నకొద్దీ అంతా నిజమే కావడం చూసి ఆమెకి ఇంకా మండింది.

వారం నిండగానే మాస్టారి గుమ్మం ఎక్కింది.

"మీ రూలు నా ఒక్కదానికేనా, అందరికీనా?"

"అందరికీనమ్మా."

"అయితే మా ఎదురుకొట్టు పేజీ ఒకసారి చూడండి. నేను చెప్పానని మాత్రం చెప్పకండి."

మర్నాడు చిన్నకోడలి పేజీ మీద ఎర్రగీత పడింది. ఆ మర్నాడు మేట్రన్ యూనిఫారాలు ఆసుపత్రి పక్కనున్న కొట్టుకి ఇచ్చేసింది. కబురు వినగానే పెద్దకోడలికి కడుపు చల్లబడింది. తనకి రాకపోతే పోయింది, దానికీ దక్కలేదు. టీ తెప్పించుకుని, ఎదురుకొట్టు వైపు చూస్తూ తీరిగ్గా తాగింది.

గ్లాసు కింద పెట్టేలోపే చిన్నకోడలు వీధి దాటి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెద్దకోడలు కత్తెర చేతిలోకి తీసుకుని, ముందున్న గుడ్డ మీదికి వంగింది.

"అక్కా, ఆసుపత్రి పని పోయింది."

"పోతే? నన్నేం చెయ్యమంటావ్?"

"నా పేజీలో రాసింది నువ్వేగా?"

కత్తెర ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? గౌను మెడలో గుడ్డ వేస్తానని నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

"ఓహో. పోట్లాటకొచ్చావన్నమాట. కానివ్వు."

చిన్నకోడలు చున్నీతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "పోట్లాటేంటక్కా! పదిహేనూ చదివి కూర్చుని ఏడ్చాను. పక్కన కూర్చుని కుట్టినన్నాళ్ళూ ఒక్కసారి బాగుందన్నావా? పని పోతే పోయింది. ఇంకోటొస్తుంది."

పెద్దకోడలు కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"ఒకే ఫోన్లోంచి రాస్తే గీత పడుతుందని మాస్టారు ఇవాళే చెప్పారు. నువ్వు తెలీక రాశావు. దాని గురించి బాధపడకు." చిన్నకోడలు స్టూలు లాక్కుని పాత చోట్లోనే కూర్చుంది. కాసేపు బల్ల మీది దారపుముక్కలు ఏరింది. తలెత్తలేదు.

"నీకు రాసినప్పుడు నాకూ తెలీలేదక్కా."