పొరుగింటి వారంటు

హెడ్ కానిస్టేబుల్ సుగుణ ఇంటి దడి తలుపు మీద చెయ్యి వేశాడు. పొరుగింట్లో ఉండే ప్లీడరు గుమాస్తా దేవదానం పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాడు.

"వారంటేదండీ? ఆడమనిషి ఒక్కర్తీ ఉండే ఇల్లండి. కాగితం లేకుండా పెరట్లో కూడా అడుగు పెట్టకూడదండి."

ఇవతలి అరుగు మీద కూర్చుని అతని భార్య రాహేలు వింటోంది. తన కోసం ఆ గొంతు ఎన్నడూ అలా లేవలేదు.

"రేవులో పోయిన కొబ్బరికాయలు ఈ చుట్టుపక్కలే దాచేరంటండి. పోనీ, మీ ఇల్లు చూడొచ్చాండి?" అన్నాడు హెడ్డు.

"ఆయ్, అదెంత భాగ్యం! గదులూ పెరడూ అన్నీ చూసుకోండి" అని నవ్వాడు దేవదానం.

హెడ్డు ఇటు తిరిగాడు. రాహేలు లేచి గుమ్మంలో నిలబడింది.

"వారంటుందాండి?"

"మీ ఆయనే రమ్మన్నారు కదమ్మా!"

"ఆయన కాపలా కాసే ఇల్లు అదండి" అంది రాహేలు, సుగుణ ఇంటివైపు చూపిస్తూ. "దీన్ని కాసుకునేది నేనేనండి."