ఒకే ప్రోగ్రామ్

"తృప్తీ, ప్రోగ్రాములు ఒక్కతీరుగ ఉన్నయని సార్ మనిద్దరికీ సున్నా వేసిండు! మయూరిది చూసి నేను రాసిన్నని నువ్వే సార్‌కు ఫోన్ చేసి చెప్పు" అని అడగాలనుకుంటూ వచ్చిన మయూరి, గుమ్మంలో "సార్..." అనే సరికి తృప్తి తల్లి యమునాబాయి అందుకుంది.

"సార్‌కు ఇప్పుడే ఫోన్ చేసింది బిడ్డా. ప్రోగ్రామ్ తనదేనని, నువ్వు చూసి రాసినవని చెప్పేసింది. దోస్తు మీద గట్ల చెప్తరా అని నేనే కోప్పడ్డ."

తల్లి పక్కనే బీడీలు చుడుతున్న తృప్తి వైపు చూసింది మయూరి. మూడు వారాలు కూర్చుని ఆ ప్రోగ్రామ్ రాసింది తను. తృప్తి అర్థం కాలేదంటే చూసుకొమ్మని ఇచ్చింది తను. ఒకసారి తీర్మానించాక ఆ కంప్యూటర్ సార్ ఇంకెవరి మాటా వినడని కాలేజీ అంతటికీ తెలుసు.

"మరి సార్ ఏమన్నడు?"

"దీన్ని పాస్ చేస్తనన్నడట. మా ఇంట్ల కాలేజీకి పోయింది ఇదొక్కతే కదా!" బీడీలు చుడుతూనే మురిసిపోయింది యమునాబాయి. "నువ్వేం పరేషాన్ కాకు. నువ్వు మళ్లా రాసే పరీక్షకు తృప్తి నేర్పిస్తది నీకు."

తల్లి పక్కన తృప్తి చేతులు ఆగిపోయాయి. తల మాత్రం ఎత్తలేదు.

మయూరి ఆ తల్లి ముఖంలోకి చూసింది. అక్కడ ఉన్నదంతా దయే.

"సరే అత్తా" అంది చివరికి. "ఎప్పుడు రావాలె, తృప్తీ?"