ఇత్తడి క్లాంపు

"ఆ సంచిలో ఏముందిరా?"

చెన్నకేశవ కేకకు, అతని తోటలో మోటరు షెడ్డు పక్కన గుంత తవ్వుతున్న మనిషి గడ్డపార ఆపాడు. యాభై దాటిన మనిషి. నెరిసిన గడ్డం, భుజాన తువ్వాలు.

సంచి తిరగేస్తే బొగ్గులు, తెల్లటి పొడి, తీగ ముక్కలు రాలాయి.

అసలే ఎలక్షన్ల ఏడాది. పులివెందుల దగ్గరి ఆ ఊళ్లో పార్టీకి ముందు నిలబడే మనిషి చెన్నకేశవ. నిద్రలో కూడా చెవులు నిక్కబొడుచుకునే ఉంటాడు.

"బాంబులు పూడ్చేకి వచ్చినావా? ఎవరు పంపిచ్చినారు?"

"ఎవరూ పంపలేదప్పా. అది ఉప్పు. నోట్లో ఏసుకొని చూడు. కరెంటును భూమిలోకి పంపే ఎర్తు గుంతలో పోసేకి తెచ్చినా."

"నేనే రమ్మన్నా," అంది చెన్నకేశవ భార్య అంకాలమ్మ. "స్టార్టరు డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటాందని నెల నుంచి చెప్తాండా. నువ్వు ఇన్యావా? దోవన పోయే ఈ అన్నే అడిగి మరీ చూసినాడు. దుడ్లు కూడా వద్దన్నాడు."

దుడ్లు వద్దన్నాడనేసరికి చెన్నకేశవ అనుమానం రెట్టింపయింది.

ఆ మనిషి బోరు పైపు చూపించాడు.

"రాగి తీగ, అల్యూమినియం తీగ మెలేసి తుప్పు పైపుకు చుట్టినారప్పా. పైకి బాగానే కనపడ్తాది. లోపల తినేసింది. అందుకే పైపు గీకి ఇత్తడి క్లాంపు బిగిచ్చినా. ఇంగ ఈ గుంత ఒక్కటి..."

"ఇంకా ఎవరెవరికి బిగిచ్చినావు?"

"అందరికీ. నిన్న అవతల పార్టీ వాళ్లకు కూడా."

ఆ మాట చాలింది. చెన్నకేశవ గడ్డపార లాక్కొని దాంతోనే కొట్టాడు. అంకాలమ్మ అడ్డం వచ్చేలోపే ఆ మనిషి కుడిచేయి విరిగింది.

వెళ్తూ ఒక్కమాటే అన్నాడు.

"ఆ క్లాంపు మాత్రం పీకొద్దప్పా. ఈయమ్మ రోజూ ముట్టుకుంటాది."

రెండు వారాలకు వాన పడింది. పొద్దున్నే అంకాలమ్మ స్టార్టరు డబ్బా మీద తడి చేయి ఆనించి బటన్ నొక్కింది. లోపల ఫట్టుమంది. ఫ్యూజులు పోయాయి. ఆమెకేమీ కాలేదు.

లైన్‌మన్ బాలయ్య వచ్చి డబ్బా విప్పాడు.

"తీగ తోలు పోయి డబ్బాకు తగిలింది. కరెంటంతా ఈ క్లాంపులోంచి భూమిలోకి పోయింది. ఇది లేకుంటే అక్క దక్కేది కాదు. ఎవరు బిగిచ్చినారు?"

అంకాలమ్మే అంతా చెప్పింది.

"నూర్ అహ్మద్!" అన్నాడు బాలయ్య. "ప్రొద్దుటూరాయన. పెండ్లాం పోయినప్పటి నుంచి ఊరూరా తిరిగి ఎర్తులు బిగిస్తాండాడు. చెయ్యి ఇరిగి ఇంట్లో ఉండాడని ఇన్యా. ఎవరు కొట్టినారో ఎవరికీ చెప్పలేదంట."

"ఆమె ఎట్ల పోయింది?" అడిగింది అంకాలమ్మ.

"పోయిన ఎండాకాలం, జమ్మలమడుగు కాడ అవతల పార్టీ తోటలో ఎవరో ఎర్తు తీగ కోసుకపోయినారు. తెల్లారి కూలికి పోయిన ఆయన పెండ్లాం పీరాంబీ స్టార్టరు ముట్టుకున్నాది. ఆ తీగ ఏసింది నూర్ అహ్మదే. ఏసిన ప్రతి తీగ కొసకూ తన గుర్తుగా మెలిక పెడ్తాడు."

షెడ్డులో మేకుకు వేలాడుతున్న రాగి తీగ చుట్ట వైపు చూడలేకపోయాడు చెన్నకేశవ.

ఆ రాత్రి పార్టీ పగతో ఆ తోటలో చీనీ (బత్తాయి) చెట్లు నరికి, వస్తూ వస్తూ ఆ తీగ కోసుకొచ్చింది తనే. కూలిమనిషి ఎవరో పోయిందని మర్నాడు విన్నాడు. ఏ పార్టీ మనిషీ కాదని మరిచిపోయాడు. ఇప్పుడు భార్య ముందు తలెత్తలేక సిగ్గుతో కుంగిపోయాడు.

"ఆయప్పకు ఇది ఎవరి తోటో తెలిసుండదులే," అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

అంకాలమ్మ మేకు వైపు చూసింది.

"ఆ పొద్దు వచ్చీరాగానే ఆ చుట్ట కొసన మెలికను చేత్తో పట్టుకొని శానాసేపు నిలబడినాడు. ఏందన్నా అంటే ఏమీ లేదమ్మా అని కండ్లు తుడుచుకొని, అప్పుడు సంచిలోంచి క్లాంపు తీసినాడు."