కొసరి కొసరి

"మళ్ళీ చెప్తున్నా, ఎనిమిదింటి దాకా ఒక్కరూ కదలకూడదు," అన్నాడు మేనేజరు, ఉడుకుతున్న సూపు గిన్నెలోకి తొంగిచూస్తూ. "ఓనరుగారు వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారు. పోయినేడు ఆయన వచ్చేసరికి సగం మంది జారుకున్నారు. పాపం, ముఖం చిన్నబోయింది. ఈసారి అలా జరగలేదనుకో, రేపే నిన్ను పర్మనెంటు చేయిస్తా."

వంటక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

కుట్టు ఫ్యాక్టరీ క్యాంటీన్లో పొయ్యి ముందు నిలబడి నిలబడి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. అడిగినప్పుడల్లా 'వచ్చే నెల చూద్దాం' అనేవాడీయన. ఆ వచ్చే నెల ఏ క్యాలెండర్లోనూ రాలేదు. పర్మనెంటయితే మంచాన పడ్డ రోజు కూడా జీతం వస్తుంది. ఆమెకి కావలసింది అంతే.

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. నా సూపు వదిలేసి ఎవరు పోతారో నేనూ చూస్తా," అంది.

ఊరి బయట ఏటి ఒడ్డున నెగడు భగభగ మండుతోంది. చలి ఎముకలు కొరికేస్తోంది. కంపెనీ ఏటా ఇచ్చే విందుకి ఫ్యాక్టరీ మొత్తం అక్కడే ఉంది. కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, ఆఖరికి గేటు దగ్గర కాపలా కాసే తాతని కూడా బస్సెక్కించి తీసుకొచ్చారు. "ఇన్నాళ్ళకి నేనూ మనిషినేనని గుర్తొచ్చింది కంపెనీకి," అని తాత తెగ మురిసిపోతున్నాడు.

వెల్లుల్లి దోరగా వేయించి, బంగాళాదుంపలు మెత్తగా మెదిపి, మిరియాలు దంచి వేసిన చిక్కటి సూపు. నిప్పుల మీద కాల్చిన రొట్టె. మొదటి గుక్కకే అందరూ 'అబ్బ!' అన్నారు.

ఏడు దాటాక మొదలయ్యాయి అసలు తిప్పలు.

"అక్కా, పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోందట. నేను వెళ్తా," అంది కాజాలు కుట్టే అమ్మాయి.

"పిల్లాడి దగ్గర మీ అత్త ఉందిగా! ఇంత చలిలో అరకడుపుతో పోతావా? తాగు," అంటూ ఇంకో గరిటె పోసింది వంటక్క. ఆ అమ్మాయి కాదనలేక కూర్చుంది. గిన్నె చేతిలో పట్టుకుందే గానీ తాగలేదు. వంటక్క మనసు చివుక్కుమంది. అయినా చూడనట్టే పక్కకి తిరిగింది.

ఇంతలో మెకానిక్కు లేచి బండి తాళాలు తీశాడు. వాడు స్వయానా ఆమె తమ్ముడు.

"ఎక్కడికిరా?"

"ఫ్యాక్టరీకే అక్కా. మూడో వరుసలో ఒక మోటారు వేడెక్కిపోతోంది. ఇప్పుడే చూసేస్తే పొద్దున ఎవరి పనీ ఆగదు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

"రేపు చూసుకోవచ్చులే. మిషనుకి కాళ్ళున్నాయా, పారిపోడానికి?"

"ఓనరుకి నా మొహం కూడా తెలీదే. నేను లేకపోతే ఆయనకేం తక్కువ?"

వంటక్క చటుక్కున తాళాలు లాక్కుని బొడ్లో దోపుకుంది. "నా పర్మనెంటు సంగతిరా ఇది. ఎవడో ఒకడు లేచాడంటే అందరూ లేస్తారు. తోడబుట్టినదాని కోసం ఒక్క పూట కూర్చోలేవా?"

తమ్ముడు మళ్ళీ నెగడు పక్కన కూర్చున్నాడు. తన కోసం దాచుకున్న సూపు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

ఎనిమిదయింది. తొమ్మిదీ కావస్తోంది. ఓనరు జాడ లేదు. జనం ఆవులిస్తున్నారు, గొణుక్కుంటున్నారు. వంటక్క మాత్రం ఒకరిని బతిమాలుతూ, ఇంకొకరిని తిడుతూ, కొసరి కొసరి వడ్డిస్తూనే ఉంది. గిన్నె అడుగు కనబడింది. ఒక్క మనిషి కూడా కదల్లేదు.

చేతులు కొంగుకి తుడుచుకుని, అల్లంత దూరాన నిలబడ్డ మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నా మాట నేను నిలబెట్టుకున్నా. ఇక నా సంగతి..."

ఆగమన్నట్టు చెయ్యెత్తి, మోగుతున్న ఫోను చెవికి ఆనించుకున్నాడాయన. అవతలివాడి గొంతు ఆమెకీ ఖంగున వినిపించింది.

"సార్, కుట్టుమిషన్లన్నీ లారీలెక్కించేశాం, ఫ్యాక్టరీకి తాళం కూడా వేసేశాం, ఇక వాళ్ళని వదిలెయ్యండి!"