రాని పాముల లెక్క

కోళ్ల దొడ్డికి ఉన్నది ఒకటే కంత. ఆ కంత ముందు ఏడాదిగా ముంగిస కాపలా కాస్తోంది. ఒప్పుకున్న ఏడాది గడువు ముగిసిన రోజున అది పుంజు దగ్గరికొచ్చి, "ఇకమీదట రోజుకో గుడ్డు ఇవ్వండి. పక్క దొడ్డివాళ్లు రెండిస్తామంటున్నారు," అంది.

పుంజుకు కాలు ఒకచోట నిలవలేదు. దొడ్డంతా తిరిగింది, మట్టి గీకింది, మళ్లీ వచ్చింది.

"ఏడాదంతా కలిపి నువ్వు చంపింది మూడు పాములు! దానికి రోజుకో గుడ్డా?"

"నేను కనబడితే అవి రావు కదా!"

"రాని పాముల్ని ఎలా లెక్కపెట్టను? చంపిన పాముకో గుడ్డు. అదే న్యాయం."

ముంగిస సరేనంది.

మర్నాటినుంచి అది కంత వదిలేసి గడ్డివాము చాటున నక్కేది. పాము లోపలికి దూరి, గూళ్లన్నీ తిరిగి, బరువుగా బయటికొచ్చేటప్పుడు ఒక్క దూకుతో చంపేది. నెల తిరక్కుండా ఏడు పాములు చచ్చాయి.

పుంజు రెక్కలు టపటపా కొట్టుకుంది. "చూశారా? ఇప్పుడు కదా పనిచేస్తోంది! ఏడు గుడ్లు పట్టుకురండి!"

పెట్టలు కదల్లేదు. ముసలి పెట్ట ఖాళీ గంపను కాలితో బోర్లించింది.

"ఏ గుడ్లు, మామా? ఆ ఏడు పాములూ అన్నీ తిన్నాకే కదా చచ్చాయి!"